ఒకసారి పడితే పడినట్టే

నేను ఒక ఇత్తడి తాళం కప్పను. గొప్పలు చెప్పుకోను గాని, నాకు అబద్ధం చేతకాదు. పడితే పడినట్టే, లేకపోతే లేనట్టే. అయినా నా మాట నమ్మలేని ఒక మనిషి చేతిలో ఏళ్ల తరబడి నలిగాను. నా కోపం ఆయన మీద కాదు, ఆయన చుట్టూ చేరిన తెలివైనవాళ్ల మీద.

నేను పుట్టింది అలీగఢ్‌లో, ఒక ఇరుకు సందులో. నన్ను చేసిన ముసలాయన లోపలి రేకులు ఒక్కొక్కటే ఆకురాయితో అరగదీశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి తిప్పాడు. చప్పుడు విని తల ఊపి పక్కన పెట్టాడు. ఆ తల ఊపడమే నాకు దొరికిన ఆశీర్వాదం.

మొదట నేను వేటపాలెం దగ్గర ఒక నూనెమిల్లు గోదాముకు కాపలా కాశాను. యజమాని తాళంచెవి మొలతాడుకు కట్టుకుని నిశ్చింతగా నిద్రపోయేవాడు. దొంగలు నా జోలికే రాలేదు. పైకప్పు పెంకులు తీసి దిగి, డబ్బాలు మోసుకుపోయారు. పొద్దున్నే ఆయన వచ్చి నన్ను తిట్టాడు. నేను వేసినచోటే, వేసినట్టే ఉన్నాను. మనుషుల న్యాయం అలా ఉంటుంది. మిల్లు మూతపడ్డాక చేతులు మారి చీరాలలో కోటిలింగం చీరల కొట్టుకు వచ్చాను.

ఆ కొట్టులో ఉన్న చీరల్లో ఆయనవి కొన్నే. మిగతావన్నీ చుట్టుపక్కల నేతగాళ్లవి. ‘అమ్మిపెట్టు కోటన్నా’ అని వాళ్లు నమ్మకం మీద వదిలి వెళ్లేవాళ్లు. మగ్గం దిగిన చీరను ఆయన రెండు చేతులతో అందుకునే తీరు చూస్తే, పసిపిల్లను ఎత్తుకుంటున్నాడేమో అనిపించేది. ఇది గుర్తుంచుకోండి. జబ్బు కూడా దొంగలాంటిదే. మనిషికి దేనిమీద ప్రాణమో వెతికి, దానిమీదే చేయి వేస్తుంది.

ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. తొలిరోజుల్లో అందరిలాగే తాళం వేసి ఒకసారి లాగి చూసేవాడు. మన ఊళ్లలో లాగి చూడనివాడెవడు? తరవాత సందు చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చేవాడు. ఆ తరవాత ఇంటిదాకా వెళ్లి తిరిగి వచ్చేవాడు. లాగేవాడు, నిమిరేవాడు, కళ్లు దగ్గర పెట్టి చూసేవాడు. చూసింది చూసినట్టు మనసులో నిలిచేది కాదు. చూసినకొద్దీ అనుమానం పెరిగేది గాని తరిగేది కాదు. నాకు నోరుంటే అరిచేవాణ్ణి: పడింది నాయనా, ఇంటికి వెళ్లు అని. అది కూడా తప్పేనని తరవాత తెలిసింది.

తనది అర్థంలేని పని అని ఆయనకు తెలుసు. అదే నరకం. ఒక సాయంత్రం నన్ను పట్టుకుని, ‘నువ్వు పడ్డావని నాకు తెలుసు, నన్నెందుకు పోనివ్వవు?’ అని గొణిగాడు. 

చుట్టుపక్కల వాళ్లు ఏం చేశారు? ఎదురుకొట్టు వాళ్లు కుర్చీలు వేసుకుని, ఆయన ఎన్నిసార్లు తిరిగి వస్తాడో పందేలు కాశారు. ఒక సిద్ధాంతి వచ్చి, షట్టరు గడియ ఎడమవైపు ఉండడమే దోషమన్నాడు. గడియ కుడివైపుకు మార్పించాడు. నా మెడకు నిమ్మకాయలు కట్టించాడు. ఆ రసం కారి నా ఒళ్లంతా చిలుముపట్టింది. జబ్బు కోటిలింగానిది, శిక్ష నాకు. బావమరిది శ్రీహరి ఒక కెమెరా తెచ్చి బిగించాడు. దాంతో ఆయన భోజనం మధ్యలో కూడా ఫోను తెరిచి నన్ను చూడడం మొదలుపెట్టాడు. శ్రీహరికి అదొక వేళాకోళం.

“నాకూ ఉంది బావా ఓసీడీ, అదే, ఈ చాదస్తం. దుప్పటి ముడతపడితే నిద్రపట్టదు. మనసు గట్టిచేసుకోవాలంతే.”

దుప్పటి సర్దుకుని హాయిగా గుర్రుపెట్టేవాడికి ఏం తెలుసు? కాలు విరిగినవాణ్ణి ‘కాలు గట్టిచేసుకో’ అంటామా?

వాళ్లందరిలోనూ మంచిది ఆయన భార్య మాణిక్యం. ‘వేశానా?’ అని అడిగిన ప్రతిసారీ, విసుగు లేకుండా, ‘వేశారండీ, నేను చూశాను’ అనేది. ఆ మాటతో ఆయన ముఖం తేటపడేది. కాసేపే.

మాణిక్యానికి గర్భసంచిలో గడ్డ ఉందన్నారు. గుంటూరులో ఆపరేషన్‌కు రోజు పెట్టారు. ఆవిడ కోరింది ఒక్కటే. తనను లోపలికి తీసుకెళ్లేటప్పుడు ఆయన అక్కడ ఉండాలి. ఆ ఉదయం ఇద్దరూ రైలెక్కారు. ఫోనులో నన్ను చూసినా నమ్మకం కుదరక, బాపట్లలో కోటిలింగం దిగిపోయాడు. తిరుగు రైలెక్కి, స్టేషను నుంచి ఎండలో పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను పట్టుకున్నాడు. నేను పడే ఉన్నాను. షట్టరుకు ఆనుకుని కూలబడి తల బాదుకున్నాడు. నా మీద ఎన్నో చెమటలు పడ్డాయి, కన్నీళ్లు పడింది ఆరోజే.

అక్కడ గుంటూరులో మాణిక్యం, ఆయన లేకుండా లోపలికి వెళ్లనందట, తరవాత విన్నాను. కారణం చెప్పింది. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ నవ్వలేదు. ‘ఇది జాగ్రత్త కాదమ్మా, జబ్బు. దీనికి వైద్యం ఉంది. మీ ఆపరేషన్ కొన్ని వారాలు ఆగగలదు, ముందు ఆయన్ను చూపించండి’ అని హైమవతిగారనే మానసిక వైద్యురాలి దగ్గరికి పంపింది. ఇన్నేళ్లలో ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే. ఇంత చిన్న మాట ఇంత ఆలస్యంగానా?

‘పిచ్చి డాక్టరు దగ్గరికా, పరువు పోదూ’ అని శ్రీహరి అడ్డుపడ్డాడు. సిద్ధాంతిని పిలిపిస్తే పోని పరువు!

హైమవతిగారు మాత్రలు రాసి, ఫలితం కనిపించడానికి వారాలు పడుతుందని, మధ్యలో మానొద్దని చెప్పింది. తరవాతిసారి నన్నే వెంట తెమ్మంది. తన గదిలో బీరువాకు నన్ను వేయించింది. ఒకసారి వేసి, లాగకుండా, తిరిగి చూడకుండా వరండాలో టీ తాగి రమ్మంది. టీ చల్లారిపోయింది. ఆయన చొక్కా తడిసిపోయింది. కానీ భయం దానంతటదే ఎక్కి, దానంతటదే కొంత దిగింది. అలా దిగుతుందని ఆయనకు ఎవరూ చూపించలేదు. ప్రతిసారీ దిగకముందే తాళం లాగడమే అలవాటైపోయింది. ఇంటిదగ్గర కూడా, మొదట చిన్న అలమర, తరవాత ఇంటి తలుపు, చివరికి కొట్టు, ఇలా మెట్టుమెట్టుగా ఎక్కించింది. కొన్నిరోజులు ఓడిపోయి తిరిగి వచ్చేవాడు. మర్నాడు మళ్లీ మొదలుపెట్టేవాడు.

మాణిక్యానికి పెట్టిన పథ్యం ఇంకా కష్టమైనది.

“మీరు ‘వేశారు’ అన్నప్పుడల్లా జబ్బుకు అన్నం పెడుతున్నారమ్మా. ఇకనుంచి ‘ఏమో’ అనండి. అనుమానాన్ని పక్కన పెట్టుకునే బతకడం ఆయన నేర్చుకోవాలి.”

“అడుగుతుంటే ఏమో అనాలా? కడుపు తరుక్కుపోదా డాక్టరుగారూ?”

“తరుక్కుపోతుంది. అయినా అనాలి.”

కోటిలింగం తలొంచుకుని, ‘అను మాణిక్యం’ అన్నాడు.

మళ్లీ ఆపరేషన్ రోజు వచ్చింది. అప్పటికి కెమెరా లేదు, నిమ్మకాయలు లేవు. ముందురోజు సాయంత్రం ఆయన షట్టరు దించి నన్ను ఒకసారి తిప్పాడు. చేయి నా దగ్గరే కాసేపు ఆగింది. వెనక్కి తీసుకున్నాడు. నడిచి వెళ్లిపోయాడు. ఎదురుకొట్టు వాళ్లు కుర్చీల్లో చాలాసేపు చూసి, నిరాశపడి లేచిపోయారు.

మర్నాడు ఎవరూ రాలేదు. ఆ తరవాతా రాలేదు. వాన పడింది, ఎండ కాసింది, ఒక పిచ్చుక నా కొంకి మీద వాలి వెళ్లింది. ఎవరూ ముట్టకుండా వేలాడడం ఎంత హాయో అప్పుడే తెలిసింది.

వాళ్లు తిరిగి వచ్చాక, టీకొట్టు మీరావలితో మాణిక్యం చెబుతుంటే విన్నాను.

“స్ట్రెచర్ మీద తోసుకుపోతుంటే నా చెయ్యి పట్టుకున్నారు మీరావలీ. ముఖం చూస్తే తెలిసిపోయింది. అడిగారు, వేశానా అని.”

“మరి నువ్వేమన్నావు వదినా?”

“డాక్టరుగారు చెప్పారుగా, ఇంకేమంటాను? ఏమో అన్నాను.”

“అయ్యో. మరి అన్న?”

“కళ్లు మూసుకున్నారు. తెరిచారు. ‘ఏమోలే, నువ్వెళ్లిరా, నేనిక్కడే ఉంటా’ అన్నారు. నాకు మెలకువ వచ్చేసరికి అక్కడే ఉన్నారు.”

కోటిలింగం పక్కనే నిలబడి, ఏమీ ఎరగనట్టు షట్టరు మీద దుమ్ము దులుపుతున్నాడు.

ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు ఆయన సందు మలుపులో ఆగుతాడు. తల సగం వెనక్కి తిరుగుతుంది. వేశాడా, వేయలేదా? నాకు తెలుసు. కానీ ఇప్పుడు నాకు నోరొచ్చినా సరే, ఏమో అంటాను.