అడ్డాకు దొప్ప కింద ఒక్క గింజ

సంతరోజు పొద్దున్నే ఆదినారాయణ కొట్టు తలుపు తీసి, తక్కెడ తుడిచి, రేడియో పెట్టేవాడు. ఇరవై రెండేళ్లుగా అదే వరస. కొండమీది హుకుంపేట జనం ఆయన్ని సావుకారనేవారు. చింతపండు, నూనె తీసే వలిసెలు, అల్లం, ఏది తెచ్చినా తూచి కొనేవాడు, ఉప్పు తూచి అమ్మేవాడు. తూచకుండా మంచినీళ్లు కూడా తాగడని వెక్కిరించేవారు. అందులో అబద్ధమేం లేదు.

పంతొమ్మిదివందల తొంభై ఎనిమిదిలో ఆయనకి తూచలేని బరువొకటి వచ్చిపడింది. మోకాళ్లు కొండచలికి ఓర్చుకోలేకపోతున్నాయి. కొట్టు ఎత్తేసి కిందికి దిగిపోవాలి. దిగి ఎక్కడికి? విజయనగరంలో మేనల్లుడు రాజేష్ మేడమీద గది ఉంది. కాదంటే నీలాలపేటలో, సముద్రం ఒడ్డున, సొంత స్థలం ఉంది. ఒకప్పుడు అక్కడ ఆయనకి పెంకుటిల్లుండేది, భార్య జయలక్ష్మి ఉండేది. అప్పట్లో ఆయన ఇక్కడికి సంతకొచ్చి పోతూండేవాడు. గాలివాన కొట్టిన రోజు ఇక్కడే చింతపండు బేరమాడుతున్నాడు. బస్సులు మళ్లీ తిరిగేసరికి అక్కడ ఇల్లూ లేదు, మనిషీ లేదు. శవం కూడా దొరకలేదు. ఆయన తిరిగి కొండెక్కి, ఆ వైపు మళ్లీ అడుగు పెట్టలేదు.

రాజేష్ ఇన్సూరెన్సు ఏజెంటు. ఫారాలు పట్టుకుని సంతరోజే జీపు దిగాడు.

"ఒడ్డున కట్టే ఇంటికి ప్రీమియం టౌనుకన్నా మూడింతలు మావయ్యా. ఏటా కట్టాలి. నా మాటిని మేడమీదికొచ్చేయ్."

"కడితే?"

"గాలివానకి ఇల్లు పోతే డబ్బొస్తాది."

"మనిషి పోతే?"

"అది వేరే పాలసీ మావయ్యా."

ఆదినారాయణ తక్కెడకేసి చూశాడు. ఒక పక్క గాలివాన, ఒక పక్క ప్రీమియం పెట్టి మనసులో తూస్తున్నాడు, ముల్లు నిలవడం లేదు. నిజం చెప్పాలంటే ఆయన జంకు డబ్బుకి కాదు. ఆ నేలమీద ఏ మొహం పెట్టుకుని నిలబడాలన్నదే ఆయన బాధ.

అల్లం బస్తా దించిన సోములమ్మ అంతా వింటోంది. ఆవిడ ఆయనకి తొలినాటి నుంచీ సరుకిచ్చే మనిషి.

"ఏటి సావుకారూ, ఫారాన్ని అడుగుతన్నావు, నేలని అడగవా?"

కొండమీద ఇల్లు కట్టేముందు నేలని అడుగుతారు. చిన్న గుంట తవ్వి, కాపురముండే మనుషులెందరో అన్ని బియ్యపు గింజలు వేసి, విస్తళ్లు కుట్టే అడ్డాకు దొప్ప బోర్లిస్తారు. తెల్లారి చూస్తే వేసినచోటే ఉండాలి. వేరేవాళ్లు వేసిన గింజలు కాస్త చెదురుతాయి, అంతే. సోములమ్మ చేతి గింజలైతే, చోటు మంచిది కాకపోతే నడుస్తాయి. ఆ ఊరి మంగ్లు ఇంటికి వేసిన ఐదూ వాగు ఒడ్డు నుంచి నలభై అడుగులు ఎగువకి, పనసచెట్టు కిందికి నడిచాయి. మంగ్లు మారుమాట్లాడకుండా అక్కడే కట్టుకున్నాడు. మరుసటి వానలకి పాత స్థలాన్ని వాగు పట్టుకుపోయింది. హుకుంపేటలో దీన్నెవరూ వింతగా చెప్పుకోరు. బస్సు టైముకొస్తే అది చెప్పుకుంటారు.

"గింజ నడిస్తే మేడమీదికే పోతాను," అన్నాడు ఆదినారాయణ. నడవాలనే ఆయన కోరిక. ఇక తననెవరూ ఏమీ అనడానికి ఉండదు.

ఆ వారమే ఇద్దరూ నీలాలపేటలో దిగారు. సోములమ్మ సముద్రాన్ని చూడ్డం అదే మొదలు.

"ఇంత ఉప్పెట్టుకుని మాకు తూసి అమ్మినావా సావుకారూ," అంది.

స్థలంలో పాత ఇంటి రాతిమెట్టు ఒక్కటే మిగిలుంది. సోములమ్మ దాని ముందు గుంట తీసింది.

"ఎంతమంది?"

"ఒక్కణ్ణే."

ఆవిడ ఒక్క గింజ ఆయన చేతిలో పెట్టింది. ఆయన గుంటలో వేశాడు. దొప్ప బోర్లించి, గాలికి ఎగరకుండా పైన రాయి పెట్టారు.

పొద్దున్నే తీసి చూస్తే గింజ నడవలేదు. దాన్ని ఆనుకుని ఇంకో గింజ ఉంది.

సోములమ్మ వంగి చూసింది. "ఒకటే కదా ఏసినావు?"

"ఒకటే."

"పాపం, ఎన్నేళ్లు ఎదురుసూసేలా సేసినావు సావుకారూ."

ఆదినారాయణ మెట్టుమీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇరవై రెండేళ్ల ఏడుపది. సోములమ్మ పక్కన కూర్చుని చుట్ట కాల్చుకుంది.

నెల తిరక్కుండా రాజేష్ ఫారం నింపాడు. "కాపురముండేది ఎంతమంది?"

"ఇద్దరం."

"రెండో పేరు?"

"జయలక్ష్మి."

రాజేష్ ఆ గడిలో అత్త పేరు రాసేశాడు. "ప్రీమియం మూడింతలు మావయ్యా, మళ్లీ అనకు."

"కట్టు. అది ఇంటికి. మనిషి సంగతి ఈసారి నేను చూసుకుంటాను."

మరుసటేడు అక్టోబరులో రేడియో తుఫాను హెచ్చరిక చెప్పింది. ఇరుగుపొరుగు ఇంకా ఆకాశంకేసి చూస్తుండగానే ఆదినారాయణ కొత్తింటికి తాళమేసి, గింజలు రెండూ చొక్కా జేబులో వేసుకుని బస్సెక్కాడు.

"హుకుంపేటకి రెండు," అన్నాడు.

కండక్టరు, జేబుమీంచి చెయ్యి తియ్యని ఆ ముసలాయన్ని చూసి, రెండు టిక్కెట్లు చింపి ఇచ్చాడు. శృంగవరపుకోటలో జనం తోసుకుంటూ ఎక్కినా, ఆదినారాయణ కిటికీ పక్క సీటులో ఎవర్నీ కూర్చోనివ్వలేదు.