అడుగున వేసిన పలక

మామిడి తోట గుత్తకిచ్చే రోజున ఆగిరిపల్లి రైతుల ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఒక పని పడుతుంది. షావుకారు తోటలో అడుగుపెట్టేలోగా చెట్ల మొదళ్ళు ఊడ్చెయ్యాలి. పురుగు తొలిచిన చెట్టు కింద రంపపు పొట్టులాంటి పొడి రాలుతుంది. అది కంటపడితే బేరం సగానికి దిగిపోతుంది. ఇది మోసం కదా అని అడిగి చూడండి, ఎంత పెద్దమనిషైనా మీ వంక జాలిగా చూస్తాడు. కొనేవాడు కళ్ళు తెరుచుకుని చూసుకోవాలి, అడగనిది అమ్మేవాడు చెప్పక్కర్లేదు. ఇక్కడి వ్యాపారం అంతా దానిమీదే నడుస్తోంది. హరిచందన ఈ ఇంటి కోడలై వచ్చిన దగ్గర్నుంచి ఏటా పూత సమయానికి చీపురు పట్టుకుని అత్తగారి వెనకాలే తోటంతా తిరుగుతోంది.

ఈ ఏడు తోట బేరం అయిపోయింది. అయినా ఆ ఆదివారం పొద్దున్నే అత్తగారు సీతారావమ్మ మళ్ళీ చీపురు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"వైజాగ్ వాళ్ళు బయల్దేరారంట. షెడ్డు ఊడ్చెయ్ చందనా. పడవ కింద మరీ శుభ్రంగా ఊడువు."

పడవ అన్న మాట నిజమే. నూజివీడు పక్కన సముద్రం ఎక్కడుందని మీరు అడగొచ్చు. ఊరు ఊరంతా అదే అడిగింది. అయిదేళ్ళ కిందట హరిచందన మొగుడు సుభాష్ కాకినాడకి కాయల లోడు తోలుకెళ్ళి, అక్కడ మూతపడిన ఓ పడవల క్లబ్బులో, వంటచెరకుగా పోబోతున్న పాత చెక్క పడవని చూశాడు. పందేల కోసం అరవై ఏళ్ళ కిందట కట్టిన తెరచాప పడవ. పేరు జలజ. తిరుగు లారీలో దాన్ని ఎక్కించుకొచ్చి, కాయలు పెట్టెలకెత్తే షెడ్డులో ఎత్తుగా దిమ్మెల మీద దింపాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. బుడమేరులో చేపలు పడతావా అని ఒకరు, ముసునూరు చెరువులో షికారుకి టిక్కెట్లు పెడతావా అని ఒకరు.

సుభాష్ కోతలు లేని నెలలన్నీ షెడ్డులోనే గడిపాడు. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. కుళ్ళిన పలకలు ఊడదీసి టేకు పలకలు వంచి బిగించాడు, రాగి మేకులు కొట్టాడు, చేతులు పుళ్ళు పడేదాకా నునుపు పట్టాడు. మొదట్లో విసుక్కున్న హరిచందన కూడా వార్నిష్ వేసిన రోజున దాన్ని చూస్తూ నిలబడిపోయింది. తన మొగుడి చేతుల్లో ఇంత పని ఉందని ఆమెకి ఆ రోజే తెలిసింది. పుట్టింటికి ఫోన్ చేసి మరీ చెప్పుకుంది.

అమ్ముతానని ఫొటోలు పెడితే విశాఖపట్నం నుంచి రవిచంద్ర అనే ఆయన ఫోన్ చేశాడు. పడవ పందేల్లో తలపండిన మనిషి. జలజ బాగుంటే తమ క్లబ్బులో మూలపడ్డ మరో రెండు పాత పడవలు కూడా సుభాష్ చేతికే అప్పజెబుతానన్నాడు. ఆ మాట విన్నప్పట్నుంచీ సుభాష్ కాళ్ళు నేల మీద ఆనడం లేదు. తాతల నాటి నుంచీ కాయలమ్ముకునే ఇంట్లో, తను చేతులారా నేర్చుకున్న పనికి ఒక పెద్దమనిషి విలువ కట్టడం అతనికి అదే మొదటిసారి.

అంతా బాగానే ఉంది, ఒక్క పలక తప్ప.

నిరుడు వానల్లో, పడవ అడుగున, నడిమి దూలానికి ఆనుకుని వెయ్యాల్సిన ఆఖరి టేకు పలక వంచుతుండగా పగిలిపోయింది. మళ్ళీ తెప్పించేదాకా ఆగలేక, కాయల పెట్టెలకని కోయించి పెట్టిన మామిడి పలక ఒకటి బిగించేశాడు. తర్వాత మారుస్తానన్నాడు. తర్వాత దాని మీద రంగు పడింది, ఆ తర్వాత ఫొటోలు పడ్డాయి, మార్చడం మాత్రం పడలేదు. సంక్రాంతి వెళ్ళాక రోజూ షెడ్డు ఊడ్చే హరిచందనకి ఆ పలక కిందే, సరిగ్గా అక్కడే, పొడి కనిపించడం మొదలైంది. మామిడి చెక్కకి పురుగు పట్టడం ఈ ఊళ్ళో బతికేవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా ఆమె మొగుడికి చెప్పింది. సుభాష్ చిల్లులకి లప్పం పెట్టి మళ్ళీ రంగు వేశాడు. మళ్ళీ పొడి రాలింది.

"ఒక్క పలకే కదా. ఆయన కొనుక్కున్నాక ఎలాగూ అన్నీ చూసుకుంటాడు. పుచ్చిన చెట్టుని షావుకారుకి మనం వేలు పెట్టి చూపిస్తున్నామా?" అన్నాడు.

అప్పటికి ఆమె ఆ పొడి ఊడ్చేసింది. కానీ ఆ ఆదివారం చీపురు పట్టుకుని షెడ్డంతా ఊడ్చి, పడవ కింద మాత్రం వదిలేసింది. కళ్ళున్నవాడే కదా వచ్చేది, చూసుకోనీ అనుకుంది.

రవిచంద్ర ఒక్కడే రాలేదు. కూతుర్ని తీసుకొచ్చాడు. దివ్య, ఇరవై ఏళ్ళుంటాయేమో, కారు ఆగీ ఆగకముందే దిగి షెడ్డులోకి పరిగెత్తింది. చెప్పులు విడిచి పడవెక్కి, చుక్కాని కర్ర పట్టుకుని అడుగుభాగంలో చతికిలబడింది. ఆ కూర్చున్న చోటు హరిచందన చూసింది. సరిగ్గా ఆ పలక మీదే.

"పై నెల్లో పందెం ఉందండీ. ఈ పడవ మీద మా పిల్లొక్కతే వెళ్తుంది. వాళ్ళమ్మ నన్ను చంపేస్తుందనుకోండి" అని నవ్వాడు రవిచంద్ర. ఆయన పడవ చుట్టూ తిరిగాడు, వేళ్ళతో తట్టాడు, అతుకుల మీద చెయ్యి నడిపించాడు. వంగి కిందికి చూశాడు.

"ఇంకా పని నడుస్తోందా సుభాష్ గారూ? కింద పొట్టుంది."

ఆయన సముద్రం మనిషి. మామిడి పురుగు సంగతి ఆయనకేం తెలుసు?

సుభాష్ ఒక్క క్షణం పెళ్ళాం వంక చూశాడు. "అవునండీ. నిన్న కాస్త రంపం పట్టాం."

ఇన్నాళ్ళూ అడగనిది చెప్పకపోవడం వేరు. ఇప్పుడాయన అడిగాడు. హరిచందనకి ఒళ్ళు మండింది, దాని వెనకే భయమేసింది. నోరు విప్పితే మొగుడి అయిదేళ్ళ కష్టం మట్టిలో కలుస్తుంది, అతను ఈ జన్మలో తన మొహం చూడకపోవచ్చు. విప్పకపోతే ఆ పిల్ల.

"నేను మనిషి మాట నమ్ముతానండీ. చేతులు కలుపుదామా?" అన్నాడు రవిచంద్ర.

సుభాష్ చెయ్యి చాచబోతున్నాడు.

"దివ్యా, ఒకసారి దిగమ్మా" అంది హరిచందన.

"ఏంటాంటీ?"

"దిగు, చెప్తాను."

చేతి గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసి విప్పింది. పడవ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అడుక్కి వంగింది. సుభాష్‌కి అర్థమైంది. రెండంగల్లో వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గాజు చిట్లింది.

"చందనా, వద్దు. నీకు దణ్ణం పెడతా." పక్కవాళ్ళకి వినపడనంత చిన్నగా అన్నాడు.

ఆమె చెయ్యి లాక్కోలేదు. అతని కళ్ళల్లోకి చూసింది. "మన అమ్మాయైతే ఎక్కనిస్తారా?"

వాళ్ళకి అమ్మాయి లేదు. పిల్లలే లేరు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు, ఆమె అసలే ఎత్తదు. సుభాష్ పట్టు సడలింది.

పిన్నీసు రంగులో గుచ్చుకుని, ఎక్కడా అడ్డు లేకుండా, ముగ్గిన పండులోకి దిగినట్టు మొదలంటా దిగిపోయింది. బయటికి లాగితే సన్నటి తెల్లపొడి ఆమె మోచేతి మీద రాలింది.

బయట పూత మీద తేనెటీగల రొద వినిపిస్తోంది. ఏంటిదని రవిచంద్ర హరిచందనని అడిగాడు. ఆమె సుభాష్ వంక చూసింది. అది ఆమె చెప్పాల్సిన జవాబు కాదు.

"మామిడి పలకండీ" అన్నాడు సుభాష్. "పురుగు పట్టింది. నాకు తెలుసు."

రవిచంద్ర మొహం ఎర్రబడింది. తిడతాడనుకుంది హరిచందన, తిట్టినా బాగుండేది. ఆయన కూతురి భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కుని, "చెప్పులేసుకో" అన్నాడు. కారు తోట గేటు దాటేదాకా వెనక్కి చూడలేదు.

గుమ్మంలో నిలబడి అంతా చూసిన సీతారావమ్మ కోడల్ని నానా మాటలూ అంది. సుభాష్ ఉలి, సుత్తి తీసుకుని పడవ కింద దూరాడు. సుత్తి అవసరం రాలేదు. ఉలి మొన ఆనించి కాస్త ఎత్తాడో లేదో, పలక రొట్టెముక్కలా విరిగి చేతిలోకి వచ్చేసింది. ఎంత లాగితే అంత వచ్చింది, రాగి మేకులు మాత్రం మిగిలాయి.

ఆ కంతలోంచి పైనున్న షెడ్డు రేకులు కనిపించాయి. దివ్య కూర్చున్న చోటు అది.

సుభాష్ చేతిలోని ఉలి జారి కిందపడింది. పడవ కిందే అలా వెల్లకిలా పడుకుని, ఆ కంతలోకి చూస్తూ, వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాడు. హరిచందన అతని పక్కన నేల మీద పడుకుని, చిట్లిన గాజు గీరుకోకుండా చూసుకుంటూ, అతని తల కింద చెయ్యి పెట్టింది.