ఒక పక్కనే నమిలే పిల్ల

ఆ పిల్లను పిచ్చుక అని పిలవడం మొదలుపెట్టింది వాళ్ల నాన్న. పొద్దున లేచింది మొదలు కిచకిచమంటూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. అమ్మానాన్నలు విడిపోయాక, పిల్ల అమ్మ దగ్గరుండాలనీ, ఆదివారాలు మాత్రం నాన్న దగ్గరికి పంపాలనీ కోర్టు తేల్చింది. నెలనెలా నాన్న ఇంత ఇవ్వాలని కూడా చెప్పింది. అంతకు మించి ఏ ఖర్చొచ్చినా అది ఎవరిదన్నది మాత్రం ఫోన్లో తేలాల్సిందే.

స్కూలు వాళ్లు విహారయాత్ర అన్నప్పుడూ అదే జరిగింది. అమ్మ ఫోను తీసుకుని వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

"నువ్విచ్చేది అద్దెకే చాలట్లేదు. ఇది నువ్వే కట్టాలి."

అవతల నాన్న ఏమన్నాడో గానీ, అమ్మ గోడకు ఆనుకుని చాలాసేపు ఏడవడం తలుపు సందులోంచి పిల్ల చూసింది. మర్నాడు పిచ్చుక టీచరు దగ్గరికి వెళ్లి, "నాకు బస్సు పడదండీ, వాంతులవుతాయి" అని చెప్పేసింది. ఆ తర్వాత ఏదైనా నోరు తెరిచి అడగడమే మానేసింది.

వేసవి సెలవుల్లో కుడి వైపు దవడ పన్ను సలపడం మొదలైంది. పిల్ల ఎడమ పక్కనే నమలడం నేర్చుకుంది. చల్లనివి ముట్టుకునేది కాదు.

నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఓ ఆదివారం చేతులకంటిన గ్రీజు రుద్ది రుద్ది కడుక్కుని, బజారుకు తీసుకెళ్లి ఐస్‌క్రీమ్ కొనబోతే వద్దంది. ఆయన ముఖం చిన్నబోయింది.

"నా దగ్గరేమీ తినొద్దని మీ అమ్మ చెప్పిందా?"

"లేదు నాన్నా. ఇష్టం లేదంతే."

ఇంటికొచ్చాక కంచంలో సగం వదిలేసింది. లాండ్రీలో పొద్దస్తమానం ఇస్త్రీ చేసి వచ్చిన అమ్మ నిట్టూర్చింది. "అక్కడి రుచులు మరిగాక నా వంట ఎందుకు నచ్చుతుందిలే."

పిల్ల మిగిలిందంతా నమలకుండా మింగేసింది.

వానలు మొదలయ్యాక ఓ ఆదివారం, నాన్న గదిలో మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి చెంప ఉబ్బిపోయి కన్ను తెరిపిడి పడలేదు. ఆయన ఉన్నపళంగా ఎత్తుకుని పళ్ల డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. కబురందుకుని అమ్మా వచ్చింది.

డాక్టరమ్మ నోట్లోకి లైటు వేసి చూసింది. "వేరు దాకా చెడింది, తీసేయాల్సిందే. ఇది పాలపన్ను కాదు, మళ్లీ రాదు. ఎన్నాళ్ల నుంచమ్మా నొప్పి?"

"సెలవుల నుంచి."

"నాకెందుకు చెప్పలేదే?" ఇద్దరి నోటా ఒకేసారి అదే మాట వచ్చింది.

పిల్ల తన కాళ్ల వైపు చూసుకుంది. "చెబితే మీరు ఫోన్లో మాట్లాడుకోవాలి కదా."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

పన్ను తీశాక, నోట్లో దూది కరిచి పట్టుకుని బయట బెంచీ మీద ఇద్దరి మధ్యా కూర్చుంది.

"ఇవాళ నువ్వే తీసుకెళ్లు" అన్నాడు నాన్న మెల్లగా. "నీ పక్కనైతే నిద్రపోతుంది."

"నీ దగ్గరే ఉండనీ. నీ రోజు కదా" అంది అమ్మ.

విడిపోయాక ఇద్దరూ ఒకరి కోసం ఒకరు తగ్గడం అదే మొదలు. పిల్లకు మాత్రం, తను ఇద్దరికీ అక్కర్లేదేమో అనిపించింది. దూది అడ్డం, అడగలేకపోయింది. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే నొప్పికే అనుకుని అమ్మ ఒళ్లోకి లాక్కుంది, నాన్న తల నిమిరాడు.

ఆ తర్వాత పిల్ల వైద్యం ఖర్చు చెరిసగం అనుకున్నారు. దాని గురించి మళ్లీ మాటా మాటా పెరగలేదు. రోజూ అమ్మ, ఆదివారాలు నాన్న అడుగుతారు: "ఎక్కడైనా నొప్పిగా ఉందా తల్లీ?"

"ఏం లేదు, బాగానే ఉన్నా" అంటుంది, వాళ్లు అడగడం పూర్తికాకముందే. అది నిజమో కాదో ముఖం చూసి పోల్చుకోవడం ఇద్దరిలో ఎవరికీ ఇంకా చేతకావడం లేదు.