భువన కారుకు ఎర్రనీళ్లు

తప్పులుంటే దిద్దుకుని చదవండి. నాకు అక్షరాలు వచ్చింది ముసలితనంలో. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడబడతాను. చామంతి నారు నాటినప్పుడు ఈ కథ మొదలుపెట్టి, పూలు కోతకొచ్చేసరికి ముగించాను. అంత నిదానం నాది. కోపం చేసుకోకండి.

తళి దగ్గర ఒక పల్లెలో పిల్లమ్మ అనే ఆమె ఉంది. ఆమెకు రెండు గ్రీన్‌హౌసుల రోజాపూలు, ఒక మొగుడు, ఒక కొడుకు, ఒక కోడలు. మొగుడు కొండప్ప పొద్దంతా పూల మధ్యనే ఉంటాడు కాబట్టి అతని గురించి చెప్పే పని పెద్దగా లేదు. కొడుకు రఘునాథ్ హోసూరులో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. కోడలు భువన పుట్టిల్లు కావేరిపట్టణం. ఆమెకూ హోసూరులోనే ఇంకో ఫ్యాక్టరీలో పని. తన జీతంతో కొనుక్కున్న పాత చిన్న కారొకటి ఉంది. రోజూ తెల్లవారగానే ఆ కారు వెనక సీటు మీద పూలకట్టలు ఎక్కుతాయి, ముందు సీట్లో పిల్లమ్మ ఎక్కుతుంది. అత్తను, పూలను మార్కెట్ దగ్గర దించి భువన పనికి పోతుంది. కారు వచ్చాక పిల్లమ్మకు బస్సులో పూలబుట్టతో కుస్తీ పట్టే బాధ తప్పింది. అందుకే ఆ కారంటే ఆమెకు ఇంట్లో ఇంకో మనిషి లెక్క.

ఒకరోజు దారిలో భువన అన్నది: “అత్తా, వచ్చే నెల ఒక ఆదివారం నేను కారెత్తుకొని కోయంబత్తూరు పక్కకు పోతాను. ఆడ రేసు ట్రాకు ఉండాది. మన కారే తోలొచ్చు.”

“రేసా? ఎవురితో పందెం?”

“పందెం లేదత్తా. ఎవురి కారు వాళ్లు ఇష్టమొచ్చినంత వేగంగా తోలుకోవచ్చు. ట్రాక్ డే అంటారు దాన్ని. పెళ్లి కాకముందు నుంచీ నాకు ఆశ.”

“తోలుకొని యాడికి పోతారు?”

“యాడికీ పోరు. చుట్టూ తిరిగి మళ్లా ఆడికే వస్తారు.”

పిల్లమ్మ వేలితో గాలిలో ఒక చుట్టు గీసి చూసుకుంది. “మళ్లా ఆడికే వచ్చేదానికి అంత దూరం యాలమ్మే? మన గ్రీన్‌హౌసు చుట్టూ తిరగరాదా?”

భువన పగలబడి నవ్వింది. నవ్వే మాట తానేమన్నదో పిల్లమ్మకు తెలియలేదు. ఆమె అయోమయం అక్కడ మొదలైంది.

కారుకు కొన్ని కొత్తవి వేయించాలని భువన ఓవర్‌టైం డబ్బు దాచుకుంది. రేసుకు పోయే కారంటే ఎట్లా ఉంటుందో పిల్లమ్మకు తెలుసు. హోసూరులో కుర్రవాళ్ల కార్లు చూసింది కదా. వెనక రెక్క, పక్కన మంటల బొమ్మలు, వీధి అదిరిపోయే చప్పుడు. మన కారు కూడా అట్లా తయారవుతుందని భయపడింది. లోపల కొంచెం ఆశ కూడా పడింది.

మొదట టైర్లు వచ్చాయి. పాతవీ నలుపే, ఇవీ నలుపే. తరువాత అరచేయంత ముక్కలు నాలుగు వచ్చాయి. బ్రేక్ ప్యాడ్లట. ఆ పైన ఒక చిన్న డబ్బా.

“ఇదేందమ్మే?”

“బ్రేక్ ఆయిల్ అత్తా. పాతదయితే వేడికి ఉడికిపోతాది. అప్పుడు కాలేసి తొక్కినా బండి నిలవదు.”

“సరే. వేగంగా పోయేదానికి ఏం వేయించినావు?”

“ఏమీ లేదు. అంతా నిలిపేదానికే.”

పిల్లమ్మ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. పరుగెత్తడానికి పోతూ ఈ పిల్ల నిలబడడానికి ఖర్చు పెడుతోందే అని మనసులోనే తికమకపడింది.

ఈ పనులన్నీ చేసేది కుమారేశన్. హోసూరులో రింగు రోడ్డు పక్కన అతని వర్క్‌షాపు. స్ప్రింగులు మార్చి కారును కిందికి దించితే మలుపుల్లో బాగుంటుందని అతను చెప్పాడు. భువన ఒప్పుకోలేదు.

“వద్దన్నా. ట్రాకు ఒక్కదినం. తళి రోడ్డు దినామూ. మా అత్త నడుము ఆ గుంతల్లో పడి లేస్తా ఉంటాది.”

ఆ ఒక్క మాట పిల్లమ్మకు బాగా అర్థమైంది. ఆ రోజు ఇంటికొచ్చి పొరుగింటి సెల్వికి నాలుగుసార్లు చెప్పింది.

ఇంకో పది రోజుల్లో ట్రాక్ డే అనగా, ఒక గురువారం, భువన కారును బోడి చేసింది. చక్రాల మూతలు తీసేసింది, బ్రేకులకు గాలి తగలాలట. డ్యాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి తీసి గూట్లో పెట్టింది, కదిలే వస్తువులు ఉండకూడదట. ముందర కట్టిన నిమ్మకాయ మిరపకాయల దండ కూడా విప్పింది.  దండ లేదు, దేవుడు లేడు, చక్రాలకు మూతలు లేవు. పండగనాడు ఆడపిల్లను బోసి మెడతో వీధిలోకి పంపినట్టు పిల్లమ్మకు అనిపించింది.

శుక్రవారం సాయంత్రం కుమారేశన్ కొత్త ప్యాడ్లు బిగించి, భువనకు ఏదో మంత్రం చెప్పినట్టు చెప్పాడు. ఖాళీ రోడ్డు మీద వేగంగా పోవాలి, గట్టిగా బ్రేకు వేయాలి, నిలబెట్టకుండా మళ్లీ వేగంగా పోవాలి. అట్లా చాలాసార్లు. అప్పుడే కొత్త ప్యాడు చక్రం లోపలి ఇనుప బిళ్లకు, అంటే డిస్కుకు, అలవాటుపడుతుంది. ఆ తరువాత బ్రేకు తొక్కకుండా నిదానంగా తిప్పి చల్లార్చాలి. ఆ రోజు మార్కెట్‌లో ఆలస్యమై పిల్లమ్మ కూడా కారులోనే ఉంది.

తళి దారిలో ఇళ్లు ఇంకా రాని ఒక లేఅవుట్ ఉంది. రోడ్లు మాత్రం వేశారు. భువన అక్కడికి తిప్పింది. కారు దూకింది. మరుక్షణం పిల్లమ్మ ముందుకు పడబోయింది. బెల్టు పట్టి లాగింది. మళ్లీ దూకింది. మళ్లీ పట్టి లాగింది.

“కుక్క ఏమన్నా అడ్డమొచ్చిందా?”

“లేదత్తా.”

“మరి యాల తొక్కితివి?”

“ఊరికే తొక్కాల.”

“నిలపవేమి?”

“నిలపకూడదు.”

ఖాళీ బుట్టలు వెనక ఒకదాని మీద ఒకటి దొర్లాయి. ఏదో కాలుతున్న వాసన వచ్చింది. పిల్లమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. “ఇంటికి పోదాం తల్లీ, నాకు కడుపులో తిప్పతాంది” అని బతిమాలింది. చల్లార్చడానికి ఇంకా తిప్పాలి అని భువన అంటూనే, అత్త మొహం చూసి నేరుగా ఇంటికి తోలింది. ఇంటి ముందు ఆపి, హ్యాండ్ బ్రేకు వేయకుండా చక్రం వెనక రాయి పెట్టింది. బండి వేడిగా ఉన్నప్పుడు హ్యాండ్ బ్రేకు వేయకూడదని చెప్పి, అత్తకు మజ్జిగ తేవడానికి లోపలికి పోయింది.

రాయి పెట్టిన కారును పిల్లమ్మ చూసింది. సెల్వి ముక్కు ఎగబీలుస్తూ వచ్చింది.

“ఏందక్కా ఈ కాలిన వాసన?”

“తెలీదే. దారంతా దూకేది, నిలిచేది. పిల్ల ఏం చేస్తాందో దానికే తెలీదు.”

“కొత్త టైర్లు వేసినారని ఊరంతా చూస్తాండ్రి. దిష్టక్కా, వేరే ఏమీ కాదు. దండ కూడా తీసేస్తిరే!”

ఇంకేం కావాలి? పిల్లమ్మ తళ్లెంలో పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్లు చేసింది. కారుకు మూడుసార్లు తిప్పింది. ముందర రెండు చక్రాలకూ కడుపునిండా పోసింది. మూతలు లేవు కదా, నీళ్లు నేరుగా లోపలికి పోయాయి.

జుయ్యిమన్నది! పసుపు వాసనతో ఆవిరి లేచింది. సెల్వి రెండడుగులు వెనక్కి దూకింది.

“చూసినావా అక్కా! ఎంత దిష్టి ఉండిందో!”

పిల్లమ్మ తళ్లెం కింద పెట్టి చెంపలేసుకుంది. ఇన్నేళ్లలో ఎన్నో బళ్లకు దిష్టి తీసింది, ఇంత చప్పుడుతో పోయిన దిష్టిని ఎప్పుడూ చూడలేదు. మంచిపని చేశానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మర్నాడు పూలు వేసుకుని పోతూ భువన బ్రేకు వేసింది. స్టీరింగు గడగడ వణికింది. కాలి కింద పెడలు కొట్టుకుంది.  కుమారేశన్ దగ్గరికి తీసుకుపోతే అతను తోలి చూశాడు, టైర్లు విప్పి బ్యాలెన్సు చూశాడు, మళ్లీ బిగించాడు. వణుకు పోలేదు.

“బ్రేకు తొక్కిపట్టి నిలబెట్టినావా భువనమ్మా?”

“లేదన్నా. నువ్వు చెప్పినట్టే చేసినా. రాయి కూడా పెట్టినా.”

“మరి ఏమైంది? నాకేమీ పురియలేదే!” అని అర్థంకాక తల గోక్కున్నాడు.

సోమవారం వణికింది, మంగళవారం ఇంకా వణికింది. రఘునాథ్‌కు కోపం వచ్చింది. “చాలు. అతను నీకు డూప్లికేట్ ప్యాడ్లు అంటగట్టినాడు. ఇట్లాంటి బండిని ఆ వేగంలో తోలేది వద్దు. రానని ఫోన్ చేసి చెప్పెయ్” అన్నాడు.  భువన అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయింది. ఎన్నో ఏళ్ల ఆశ వణికే పెడలు కింద నలిగిపోతోంది. పిల్లమ్మకు ఆ పిల్లను చూస్తే కడుపు తరుక్కుపోయింది. అంత దిష్టి పోయాక కూడా ఇట్లా ఎందుకైందో ఆమెకు అంతు పట్టలేదు. ఒకవేళ పూర్తిగా పోలేదేమో, ఇంకోసారి ఎర్రనీళ్లు పోయాలేమో అనుకుంది. తళ్లెం కూడా కడిగి పెట్టుకుంది.

బుధవారం భువన నేరుగా వర్క్‌షాపుకు పోయింది, కుమారేశన్‌ను నాలుగు మాటలు అడిగేయాలని. పిల్లమ్మ కారులోనే కూర్చుంది. ఇద్దరూ గొంతులు పెంచుకున్నారు.

“అన్నా, నిజం చెప్పు. ఆ ప్యాడ్లు యాడ కొన్నావు?”

“నా బిడ్డలాణ! అసలు సరుకు. నా పేరు చెడగొట్టుకుంటానా భువనమ్మా?”

అంతలో కృష్ణగిరి నుంచి టమాటాలతో ఒక వ్యాను వచ్చి ఆగింది. ముందు చక్రం దగ్గర పొగ. డ్రైవరు నీళ్ల సీసా మూత తీసి వంగాడు. కుమారేశన్ భువనను వదిలేసి పరుగెత్తి అతని చేయి పట్టుకున్నాడు.

“అయ్యయ్యో, పోయకప్పా! కాలిన డిస్కు మీద చల్లనీళ్లు పడితే వంకర పోతాది. ఒక్కోసారి చీలిపోతాది కూడా. తానుగా చల్లారనీ.”

పిల్లమ్మ కారులోంచి ఆ మాట విన్నది. జుయ్యిమన్న చప్పుడు చెవుల్లో మళ్లీ వినబడింది. కానీ అవి ఉత్త నీళ్లు కావు కదా, మంత్రించినట్టు కలిపినవి కదా, వాటికీ ఇదే లెక్క ఉంటుందా?  ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ కుమారేశన్ దొంగ అవుతాడు, పిల్ల ఆశ పెట్టుకున్న ఆదివారం చేజారిపోతుంది, పైగా ఆ బండిలోనే దినామూ తిరగాలి. కారు దిగింది.

“అప్పా కుమారేశా, ఒక మాట. పసుపు నీళ్లయితేనో?”

“ఏందమ్మా?”

“పసుపు, సున్నం కలిపిన నీళ్లు. అవి పోస్తే కూడా వంకర పోతాదా?”

 వ్యాను డ్రైవరు కూడా ఇటు తిరిగాడు.

“ఎప్పుడత్తా?” అన్నది భువన మెల్లగా.

“శుక్రవారం. నువ్వు మజ్జిగ తెచ్చేదానికి పోయినప్పుడు. జుయ్యిమన్నాది. దిష్టి పోయిందనుకుంటిని తల్లీ. దండ తీసేస్తివి, దేవుణ్ణి తీసేస్తివి, నేనేం చేసేది? ఆయప్పది తప్పు లేదు. నాది.”

భువన అత్తను చూసింది. ఏడుస్తుందో తిడుతుందో పిల్లమ్మకు తెలియలేదు. భువన వంగి, మూత లేని ముందు చక్రంలోకి ఒకసారి చూసింది. తరువాత కుమారేశన్ వైపు తిరిగి, “మన్నించన్నా” అన్నది.

“సరేలేమ్మా. అమ్మా, ఇంక దిష్టి తీయాలనిపిస్తే కారుకొద్దు, నాకు తీయండి. నాలుగు దినాలుగా నాకే పట్టింది.”

డిస్కులు విప్పి చూశాడు. చీలికలు లేవు, వంకర మాత్రం ఉంది. వెనక వీధిలో లేత్ మిషను మీద ఇనుము చెక్కే సోమప్ప దగ్గరికి తీసుకుపోయారు. సోమప్ప మందం కొలిచి, “ఒక్కసారి చెక్కవచ్చు. ఇంకోసారికి లేదు” అన్నాడు. ఆ మాట తనకే చెప్పినట్టు పిల్లమ్మ తలూపింది.

గురువారం సాయంత్రం మళ్లీ ఆ ఖాళీ లేఅవుట్‌కు పోయారు. దూకింది, పట్టి లాగింది. పిల్లమ్మ బుట్ట ఒళ్లో పెట్టుకుని, పళ్లు బిగపట్టి కూర్చుంది. ఇంటికి పోదామని అనలేదు. తరువాత భువన కెలవరపల్లి డ్యాం దాకా నిదానంగా తోలుకుపోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఒకచోట బ్రేకు వేసింది. స్టీరింగు కదల్లేదు.

“పోయిందా?” అన్నది పిల్లమ్మ.

“పోయింది అత్తా.”

ఇంటి ముందు సెల్వి తళ్లెంతో సిద్ధంగా ఉంది. పిల్లమ్మ పరుగున దిగి, రెండు చేతులూ చాచి కారుకు అడ్డం నిలబడింది. “దగ్గరికి రావద్దే! సెల్వీ, నీకు దండం పెడతాను!” సెల్వికి ఏమీ అర్థం కాలేదు. దిష్టి తీయవద్దనే మనిషిని ఆమె మొదటిసారి చూసింది.

ఆదివారం భువన, రఘునాథ్ పోయారు. పిల్లమ్మకు ఆ పగలంతా పూలు కోస్తే ముళ్లు గుచ్చుకోవడమే సరిపోయింది. పొద్దు వాలాక కృష్ణగిరి దాటామని ఫోను వచ్చింది. అప్పుడు ఎర్రనీళ్లు కలిపి గడప దగ్గర కూర్చుంది.

కారు వచ్చింది. భువన నుదుటి మీద హెల్మెట్ నొక్కిన గీత. రఘునాథ్ మొహం నిమ్మపండు రంగులో ఉంది.

“వీడేమట్లా ఉండాడు?”

“ఒక చుట్టు నా పక్కన కూర్చున్నాడత్తా.”

“మాట్లాడించొద్దమ్మా” అంటూ రఘునాథ్ నేరుగా లోపలికి పోయాడు.

“నీకెట్లా పోయిందమ్మే?”

“నిలిపితే నిలిచింది అత్తా. ప్రతిసారీ” అన్నది భువన. ఆ మాట చెబుతుంటే ఆ పిల్ల కళ్లు మెరిశాయి. వేగంగా పోయానని చెప్పలేదు. పిల్లమ్మకు అది కూడా వింతగానే తోచింది.

తళ్లెం ఎత్తి కారుకు కాదు, భువనకు మూడుసార్లు తిప్పింది. తరువాత దూరంగా మూడు దారులు కలిసే చోటికి నడిచిపోయి మట్టి మీద పోసింది. చెవి రిక్కించి వింది. చప్పుడు లేదు. మట్టి నీళ్లను మెత్తగా తాగేసింది. అసలు దిష్టి ఉండిందో లేదో, ఉంటే పోయిందో పోలేదో ఆమెకు తెలియలేదు. ఖాళీ తళ్లెం పట్టుకుని ఇంటికి తిరిగింది.

చిక్కమ్మ
వయసు డెబ్బై ఒకటి
ఇప్పుడు ఉండేది కెలవరపల్లిలో, కూతురింట్లో