బెల్టు సామ్యేల్ పరువు

రామగుండం దగ్గరి సెంటినరీ కాలనీలో సామ్యేళ్లు నలుగురున్నారు. బెల్టు సామ్యేల్ మాత్రం ఒక్కడే. ముప్పై రెండేళ్లు గని లోపల బొగ్గు మోసే బెల్టుల దగ్గర ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. కిలోమీటరు పొడవున్న బెల్టు పక్కకు జరుగుతోందంటే మేనేజర్లు సైతం ఆయన కోసమే కబురు పెట్టేవారట. ఈ ‘అట’ ఆయన భార్య సువార్త చేర్చింది. ఆయన చెప్పేటప్పుడు అది ఉండదు. రిటైరయ్యాక ఆ పేరు నిలబెట్టుకోవడమే ఆయనకు డ్యూటీ అయింది. ఆ పేరు కూడా పోతే తనను ఎవరు పలకరిస్తారన్నది ఆయన లోపలి భయం.

రెండు వేల పన్నెండు, మేడారం జాతర మొదలైన బుధవారం. పొద్దున్నే పక్కింటి జైపాల్ లారీ స్టార్టు చేయగానే అది వీధి వీధంతా లేచేలా కీచుమంది.

లారీలో అప్పటికే బొంతలు, వంటగిన్నెలు, పది మంది చుట్టాలు ఎక్కి ఉన్నారు. అందరికంటే ముందు ఎక్కింది జైపాల్ తల్లి లింగవ్వ మొక్కు బెల్లం. కొడుకు కామెర్లతో మంచం పట్టినప్పుడు, వాడు లేచి తిరిగితే వాడి బరువంత బంగారం తెస్తానని తల్లులకు మొక్కుకుంది. జాతరలో బెల్లాన్ని బంగారమనే అంటారు.

“ఇంజను ముందర సూడు కాకా” అన్నాడు జైపాల్, సామ్యేల్ దగ్గరికి పరుగున వచ్చి. “నెల రోజులల్ల రెండు బెల్టులు అంచులు తెగి పాడైనయి. ఇది మూడోది. ఆ కొమురెల్లి డూప్లికేట్ మాల్ అంటగడ్తున్నడు. నిన్న లారీల అడ్డ మీద అందరి ముందటనే దొంగ నా కొడుకా అని తిట్టిన.”

కొమురెల్లి అడ్డ దగ్గర షెడ్డు నడుపుకునే మెకానిక్. సామ్యేల్ పనిముట్ల సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. పిలుపు వచ్చినందుకు లోపల మహా సంబరంగా ఉంది.

ఆ ఇంజనుకు ఒక్కటే పొడవాటి బెల్టు. ఫ్యానునూ నీళ్ల పంపునూ డైనమోనూ చుట్టుకుంటూ మెలికలు తిరిగి పోతుంది. అది అడవి దారిలో ఊడిందంటే ఇంజను ఉడికిపోయి, ఆ రద్దీలో లారీ ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. సామ్యేల్ క్యాబిన్ ఎత్తించి చూశాడు. బెల్టుకు ఒక అంచున పీచులు లేచాయి. ఆ పక్కనే ఇంజను మీద రబ్బరు పొడి నల్లగా రాలి ఉంది.

“అక్కా, చెంబెడు నీళ్లు తే” అన్నాడు.

లింగవ్వ తెచ్చిచ్చింది. నడుస్తున్న బెల్టు మీద దూరం నుంచే కొద్దిగా చిలకరించాడు. కీచు చటుక్కున ఆగింది. పది లెక్కపెట్టేలోగా మళ్లీ మొదలైంది.

“నీళ్లు పడ్డంక సప్పుడు పెరిగితే బెల్టు లూజున్నట్టు. గిట్ల ఆగి మళ్ల మొదలైతే ఏదో ఒక పుల్లీ వరుస తప్పినట్టు. బెల్టు మంచిదే బిడ్డా.”

ఇంజను ఆపించి, సువార్త కుట్టుదారం తెప్పించి, కింది పుల్లీ మొహం నుంచి పంపు పుల్లీ మొహం దాకా లాగి పట్టాడు. రెండూ దారానికి అంటుకున్నాయి. నడుమనున్న చిన్న పుల్లీ మాత్రం వడ్లగింజ మందం బయటికి పొడుచుకొచ్చింది. బోల్టు విప్పి పుల్లీ లాగేసరికి వెనక నుంచి ఒక వాషరు అరచేతిలో పడింది.

సామ్యేల్‌కు చూడగానే తెలిసిపోయింది. ఆకురాయితో అంచులు నున్నగా రాసిన ఆ వాషరు తనదే. నెల కిందట బెల్టు కాస్త లోపలికి జరుగుతోందని జైపాల్ అంటే, వాడు చాయ్ తాగి వచ్చేలోగా తనే దూర్చాడు. గనిలో బెల్టు పక్కకు పోతే రోలరును ఒకవైపు జరిపి దారికి తెస్తారు. లారీ బెల్టు వేరు, దాని పుల్లీలన్నీ ఒక్క వరుసలో ఉండి తీరాలి. ఈ సంగతి తెలియక కాదు, ముప్పై రెండేళ్ల చేతి అలవాటు ఆగలేదు. పుల్లీ గాడుల్లోకి చూస్తే అసలు రోగం కనిపించింది. బొగ్గు మసి గట్టిపడి పేరుకుంది. ఆనాడు దాన్ని గీకేసి ఉంటే సరిపోయేది.

ఎవరూ చూడలేదు. వాషరును జేబులోకి జారవిడిచాడు. మసి గీకి పుల్లీ బిగించి స్టార్టు చేయించాడు. బెల్టు చప్పుడు లేకుండా, తిన్నగా తిరిగింది. లారీ మీదివాళ్లు చప్పట్లు కొట్టారు.

“నువ్వు లేకుంటే నా మొక్కు ఏమైతుండె తమ్మీ!” అంది లింగవ్వ.

“బెల్టు మంచిదైతే పుల్లీ వంకర బిగించింది ఆ కొమురెల్లే అన్నట్టు. పోతపోత అడ్డ మీద ఆగి ఇంకోపారి కడుగుత వాన్ని” అన్నాడు జైపాల్.

జేబులో వాషరు కాలినట్టయింది సామ్యేల్‌కు. సంచి సర్దుకున్నాడు. తర్వాత క్యాబిన్‌లోకి ఎక్కి కూర్చున్నాడు.

“అడ్డ దాక నేను గూడ వస్త. నడువు.”

అడ్డ మీద డ్రైవర్లు చాయ్ తాగుతున్నారు. జైపాల్ నోరు తెరవకముందే సామ్యేల్ దిగి, వాషరును అందరికీ కనిపించేలా ఎత్తి పట్టాడు. గట్టిగానే చెప్పాడు.

“కొమురెల్లీ! నీ బెల్టులు మంచియే, నీ పని మంచిదే. గిది పెట్టి వాటిని కొరికించింది నేను. జైపాల్ నిన్ను తిట్టిన తిట్లన్ని నాకు రావాలె.”

ఒక డ్రైవరుకు చాయ్ పొలమారింది. జైపాల్ మొహం కందగడ్డయింది. వెళ్లి కొమురెల్లి రెండు చేతులూ పట్టుకున్నాడు.

“నాకెరికే కాకా” అన్నాడు కొమురెల్లి మెల్లగా. “మొదటి బెల్టు ఏసిన్నాడే వాషరు సూసిన.”

“మరి తియ్యకపోతివి?”

“నువ్వు సెట్ చేసినవని జైపాల్ చెప్పిండు. బెల్టు సామ్యేల్ పెట్టిండంటే అండ్ల ఏదో మర్మం ఉంటదనుకున్న. అది తప్పని సమజయ్యేసరికి తిట్లు పడ్డయి. అప్పుడు చెప్తే పెద్దమనిషి మీదికి తోసిండంటరని ఊకున్న.”

సామ్యేల్‌కు సిగ్గుతో తల వాలిపోయింది. తనకెవరూ ఏనాడూ తప్పు చూపలేదని ఇన్నాళ్లూ మురిసిపోయాడు. చూసి కూడా నోరు మూసుకున్నవాళ్లు ఎంతమందో అని మొదటిసారి అనుమానం వచ్చింది.

లారీ మీంచి లింగవ్వ కేకేసింది. “జల్ది కానియ్యిరా జైపాలూ, పొద్దు పోతాంది!” లారీ మేడారం దారి పట్టింది, కీచుమనకుండా.

“ఇగ నుంచి నేను తప్పు చేస్తే చెప్పు కొమురెల్లీ” అన్నాడు సామ్యేల్.

“తిట్టవు గద?”

“తిడుత. అయినా చెప్పు.”

కొమురెల్లి చేతులు తుడుచుకున్నాడు. “గట్లయితే ఒకటున్నది కాకా. మా ఇంట్ల కూలరు నువ్వు బాగుజేస్తివి సూడు, దాని గాలి లోపటికి కాదు, కిటికీల నుంచి బయటికి పోతాంది. రెండు ఎండకాలాలాయె, ఇంటిల్లిపాదిమి బయట కిటికీ కింద పండుకుంటున్నం.”

అడ్డ మొత్తం గొల్లుమంది. రామగుండం ఎండలకు రెండేళ్లు, ఒక్క మాట అనకుండా! సామ్యేల్‌కు నవ్వాగలేదు, కళ్లలో నీళ్లూ ఆగలేదు. సంచి మళ్లీ భుజానికెత్తుకున్నాడు.

“నడువు మీ ఇంటికి. ఎట్ల చెయ్యాల్నో నువ్వు చెప్పు, నేను విప్పుత.”