చచ్చిన మందు

మిర్చి యార్డులో కుప్ప ముందు కూర్చుని కోటేశ్వరి తొడిమలు తీస్తోంది, ఎంత తీసినా కుప్ప తరగడం లేదు, పక్కనే దానమ్మ కూడా తీస్తోంది, దానమ్మ చచ్చిపోయిందన్న సంగతి ఇద్దరికీ తెలుసు గానీ ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. ఘాటుకు తుమ్ములు రావాలి, రావడం లేదు. గిల్లిన ప్రతి కాయలోంచీ గింజలకు బదులు తెల్లటి బిళ్ళలు రాలుతున్నాయి, అవి హెచ్‌ఐవీ బిళ్ళలు, ఇద్దరూ ఏళ్ల తరబడి మింగినవి, మేస్త్రీ చూస్తే పని పోతుందని కోటేశ్వరి వాటిని గబగబా కొంగులోకి తోసుకుంటోంది.

"దాచింది చాల్లేవే. డాక్టరమ్మ ఇయ్యాల రమ్మంది గదా, ఇంకా ఇక్కడే కూర్చున్నావేంది?" అంటుంది దానమ్మ, తల ఎత్తకుండా.

పోతూనే ఉన్నానని చెబుతుండగానే యార్డు రేకుల కప్పు కిందికి వంగి ఆసుపత్రి వరండా అవుతుంది, మిర్చి బస్తాల టిక్కీల వరస మనుషుల వరస అవుతుంది, చివర మందులిచ్చే జాలీ కిటికీ. రక్తంలో వైరస్ మళ్ళీ పెరిగిందని, మందు పనిచేయడం మానేసిందని పోయినసారే చెప్పారు. మధ్యలో ఆపావా, ఉన్నదున్నట్టు చెబితేనే ఏ మందు మార్చాలో తేలుతుందని డాక్టరమ్మ అడిగింది. లేదండీ అనేసి వచ్చింది కోటేశ్వరి. ఇవాళ మళ్ళీ అడుగుతుంది. అంతే మరి, మందు ఓడినా నిలదీసేది మనిషినే, స్టాకు లేదు పొమ్మని తిప్పి పంపిన కిటికీని నిలదీసిన మొనగాడు ఒక్కడూ లేడు.

ఆ తిప్పి పంపిన రోజుల్లోనే ఇద్దరూ ఆ పని చేశారు. కోటేశ్వరి డబ్బా ఖాళీ, దానమ్మ డబ్బాలో ఇంకా ఉన్నాయి. రోజు విడిచి రోజు నువ్వొకటి నేనొకటి అని దానమ్మే అంది, పచ్చడి ముద్ద పంచినంత తేలిగ్గా. అరకొర మందుకు ఆ పురుగు చావదు, రాటుదేలుతుందని వాళ్ళకు చెప్పిందెవరు? ముందు దానమ్మ చిక్కిపోయింది.

వరస కదులుతోంది. కోటేశ్వరి నోరు తెరుస్తుంది, మాటకు బదులు దూది. బస్సులో బిళ్ళలు గలగలమంటే పక్కవాళ్ళు ఏమిటని అడుగుతారని డబ్బాలో దూది కుక్కడం నేర్పింది దానమ్మే, ఆ దూదే ఇప్పుడు గొంతులోంచి మూరలు మూరలు ఊరుతోంది, లాగేకొద్దీ వస్తోంది, కిటికీ వెనక డాక్టరమ్మ తలుపు రెక్క మూయబోతోంది.

దానమ్మ చెయ్యి చాస్తుంది. తన బిళ్ళలు తనకు ఇమ్మంటోందనుకుని కోటేశ్వరి కొంగు విప్పి అన్నీ ఆ చేతిలో పోస్తుంది. దానమ్మ వాటిని ఏరి పారేసిన తాలుకాయల్లోకి విసిరికొడుతుంది.

"ఇయ్యి నాకెందుకే? నేనొక్కదాన్నే చచ్చాననుకున్నావా, ఆ మందూ చచ్చింది. చచ్చినదాన్ని సంచిలో ఏసుకుని తిరుగుతావేంది?"

నోట్లో దూది ఉండగానే కోటేశ్వరి ఎలాగో అంటుంది. "చెబితే నీ వంతు మింగి నిన్ను చంపింది నేనేనంటారే."

"అననీ. అన్నం పెట్టినట్టు పెట్టా, దొంగతనం చేశామా? లేదని పొమ్మన్నది వాళ్ళు. ఆ మాట నోట్లోనే పెట్టుకుని నేను పోయా. నువ్వూ అట్టాగే పోతావా?" అంటూ దానమ్మ వేళ్ళు పెట్టి దూది పట్టుకుని గుంజుతుంది, దవడ ఊడిపోయేలా గుంజుతుంది, వరసంతా వెనక్కి తిరిగి చూస్తోంది, కిటికీ రెక్క మూసుకుపోతోంది.

"పెద్దాసుపత్రి దిగాల్సింది ఎవరమ్మా?"

కండక్టర్ కేకకు కోటేశ్వరి ఉలిక్కిపడి లేచింది. బస్సు గతుకులో పడింది, ఒళ్ళో సంచి గలగలమంది. పక్క సీటామె సంచి వంక చూసి, ఏందమ్మా ఆ చప్పుడని అడిగింది. పొద్దున తానే దూది కుక్కి బిగించిన డబ్బా అది. మూత ఊడి సంచిలో పడి ఉంది. నిద్రలో ఎప్పుడు పీకిందో, చెమటకు తడిసిన దూది ఉండ గుప్పిట్లో ఉంది.

"మందు," అంది కోటేశ్వరి. "పనిచేయడం మానేసింది. చెప్పి మార్పించుకోను పోతన్నా."

మూత బిగించింది. దూది కిటికీలోంచి పారేసి, ఆ గలగలతోనే బస్సు దిగింది.