కుడివైపు కుర్చీ

విమానం ఆగడం లేదు. రెండు కాళ్లూ బ్రేకు పెడళ్ల మీద బిగించి తొక్కుతున్నాను, అయినా అది తెనాలి బజారులోంచి, కందిపప్పు బస్తాల మధ్య నుంచి దొర్లుకుంటూ పోతూనే ఉంది, ఒక మలుపు దగ్గర బజారు, విమానాలు నేలమీద నడిచే టాక్సీ వే అయిపోతుంది, ఇంకో మలుపు దగ్గర మా కొట్టు గోడౌను అవుతుంది, నాకదేమీ వింతగా లేదు. కుడివైపు కుర్చీలో మా బావమరిది మురహరి కూర్చుని వేరుశెనగ అచ్చు కొరుకుతున్నాడు. వాడు పోయి ఏడాదైందని నాకు తెలుసు. ఆ మాట ఎత్తితే లేచి పోతాడేమో, అడగాల్సింది అడక్కముందే వాణ్ని పోనివ్వడం నాకిష్టం లేదు.

"అదేమన్నా కుట్టుమిషనా బావా, అలా తొక్కుతున్నావు?"

"ఇంజను లివరు పూర్తిగా తగ్గించానురా. ఇంతకన్నా వెనక్కి రాదు. అయినా పరుగెడుతోంది."

"ఈ పంకాల విమానం, టర్బోప్రాప్, అంతే. ఎంత తగ్గించినా పంకాలు లాగుతూనే ఉంటాయి. నువ్వు తొక్కితే బ్రేకులు కాలతాయి గానీ పంకాలు మానవు."

మా ఇంట్లో ఈ విమానం ఆట పెట్టించిందే నేను. మా అమ్మాయి విరజ ముచ్చటపడిందని కంప్యూటరు కొన్నాను, పెద్ద తెర కొన్నాను, నిజం విమానంలో ఉన్నట్టే లివరూ పెడళ్లూ తెప్పించాను, పక్కపక్కన రెండు కుర్చీలు వేయించాను. మురహరి చేతులూపుకుంటూ వచ్చి కుడివైపు కుర్చీలో కూర్చున్నాడు. సరుకు నాది, గిరాకీ వాడిది. వాడు పోయాక కూడా ఆ కుర్చీలో విరజ ఎవర్నీ కూర్చోనివ్వదు, నేను గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వెళ్లిపోతుంటాను.

"కుర్చీ ఖాళీ చెయ్యరా," అంటాను చివరికి.

"నేనెక్కడ కూర్చున్నాను బావా? చచ్చి ఏడాదైతే!"

"అదేరా తంటా. బతికుంటే ఎప్పుడో ఒకప్పుడు విరజకి నీ మీద కోపమొచ్చేది. ఇప్పుడు నువ్వు ఏ తప్పూ చెయ్యవుగా!"

వాడు పగలబడి నవ్వుతాడు, నోట్లోంచి రాలిన పప్పు బద్దలు అద్దం మీద వానచినుకులై జారతాయి, ఆ వాన అవతల, టాక్సీ వే మధ్యలో విరజ నిలబడి ఉంది, స్కూలు బట్టల్లో, భుజాన సంచితో, మేము తిన్నగా దానివైపే పోతున్నాం.

"ఒరేయ్, పిల్లని గుద్దేస్తాం! దానికి నేర్పావు, నాకెందుకు నేర్పలేదు?"

"ముందు నీకే చెప్పాను. లివరుకి అడ్డొచ్చే ఆ మెట్టు దగ్గర దాన్ని పైకెత్తి, ఇంకొంచెం వెనక్కి లాగు, పంకా రెక్కలు గాలిని లాగడం మానేస్తాయి, బండి తనే నడకలోకొస్తుంది అన్నాను. వెనక్కి అనేసరికి నీ మొహం మాడిపోయింది. వెనక్కి తగ్గడం మా ఇంటా వంటా లేదన్నావు. కొట్లో అన్నట్టే అన్నావు."

"ఎగతాళి చేస్తున్నావనుకున్నాను."

"సరే, ఇప్పుడు లాగు."

నా చెయ్యి లివరు మీదే ఉంది, మెట్టు దాకా వచ్చి అక్కడే ఉండిపోతుంది, ఎత్తితే చాలు, కానీ ఎత్తితే వాడు చెప్పబట్టి ఆగినట్టవుతుంది, నేను ఆపినట్టు కాదు. కాళ్లు ఇంకా బిగిస్తాను. విరజ దగ్గరవుతోంది, దాని మొహంలో భయం లేదు, నవ్వుతూ చెయ్యి ఊపుతోంది, ఆ చెయ్యి నావైపు కాదు, కుడివైపు కుర్చీ వైపు. మురహరి వంగి, నన్ను పక్కకు తోసినట్టు కూడా లేకుండా, రెండు వేళ్లతో లివరు పైకెత్తుతాడు. టక్. పంకాల రొద మెత్తబడుతుంది, విమానం విరజ ముందు నడకలోకి వస్తుంది, ఆగుతుంది.

"చూశావా? ఇంక కాళ్లు తియ్యి బావా."

నేను తియ్యను.

మెలకువ వచ్చింది. ఆదివారం భోజనమయ్యాక సోఫాలోనే ఒరిగాను. పక్కగది తలుపు ఓరగా తీసి ఉంది, విరజ విమానం నడుపుతోంది, కుడివైపు కుర్చీ ఖాళీగా, దాని కుర్చీకి ఆనించి ఉంది. గదిలోంచి టక్ మని లివరు మెట్టు దాటిన చప్పుడు, ఆ వెంటే రొద మెత్తబడింది. బ్రేకు ఒక్కసారి కూడా కీచుమనలేదు. సోఫా చివర చెక్కకు అదిమిపెట్టిన నా పాదాలు రెండూ తిమ్మిరెక్కి ఉన్నాయి, ఇంకా వాటిని తియ్యలేదు.